పాత కార్బొరేటర్ ఎక్కడ పడేశారు?

ఇప్పుడే ఫ్రెండ్ ఇంటి నుంచి వచ్చాను. చేతులకి పెట్రోల్ వాసన ఇంకా పోలేదు. ఒళ్లు మండిపోతోంది, ఇది రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

వాళ్ల నాన్నగారి పాత కారు. కొన్నాళ్లుగా దానికి ఒకటే జబ్బు. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టయి, ఆ తర్వాత అందుకుంటుంది. మిగతాదంతా బాగానే ఉంది. స్టార్టింగ్ ఉంది, స్లో స్పీడులో నిలబడుతుంది, పొగ లేదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అతను బానెట్ ఎత్తి ఓసారి చూసి, "కార్బొరేటర్ పోయింది సార్, కంపెనీది ఇక వద్దు, బయటిది కొత్తది వేసేద్దాం, పికప్ అదిరిపోద్ది" అన్నాడట. వేసేశాడు కూడా. గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే భాగమే కార్బొరేటర్. ఇప్పుడు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వదు. ఎలాగోలా స్టార్టయి వేడెక్కాక ఆపితే మళ్లీ లేవదు. వెనక నల్ల పొగ. 

బానెట్ ఎత్తి చూస్తే కడుపు తరుక్కుపోయింది. కంపెనీ ఎయిర్ క్లీనర్ డబ్బా లేదు. కొత్త కార్బొరేటర్ నెత్తిన చిన్న గుండ్రటి ఫిల్టర్ ఒకటి పెట్టారు, అది ఇంజిన్ మీది వేడిగాలినే పీలుస్తోంది. ఇంజిన్ అడుగు గదిలోని ఆవిరిని బయటికి తెచ్చే క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు గాల్లో వేలాడుతూ ఆయిల్ ఆవిరి కక్కుతోంది. చోక్ వైరు దేనికీ తగిలించకుండా పక్కకి చుట్టి కట్టేశారు. ఇంజిన్ పీల్పుతో పనిచేసే వాక్యూమ్ పైపుల్లో కొన్నిటి నోళ్లలో స్క్రూలు దిగగొట్టారు. ట్యాంకుకి తిరిగి వెళ్లే పెట్రోల్ పైపుకీ అదే గతి. సిలిండర్లకి గాలి, పెట్రోల్ పంచే మ్యానిఫోల్డ్ మీద ఉండాల్సిన మందపాటి బేకలైట్ (వేడి పాకనివ్వని గట్టి ప్లాస్టిక్) స్పేసర్ తీసి పారేసి, అల్యూమినియం అడాప్టర్ ప్లేటు పెట్టి బిగించారు.

"పాతదేదిరా?" అనడిగాను.

"ఏమో, అడగలేదు. తుక్కులో వేసుంటాడు."

అక్కడ రేగింది నాకు. కొత్తది తప్పుగా బిగిస్తే విప్పి సరిగ్గా బిగించుకోవచ్చు. పాతది పోతే ఇక ఆ బండికి వెనక్కి దారి ఎక్కడుంది? ఆ ఇంజిన్‌కి ఏ జెట్ (పెట్రోల్ వెళ్లే కొలత రంధ్రం) ఎంత ఉండాలో కంపెనీ ఇంజినీర్లు ఎండలో, చలిలో, ఎత్తులో, పల్లంలో తోలి తేల్చిన లెక్కంతా ఆ ముద్దలో ఉంది. పక్కన కొట్టిన నంబరు చూస్తే అది ఏ ఇంజిన్‌కి, ఏ ఏడాదికి చేసిందో తెలుస్తుంది. దాన్ని ఓనరుకి ఒక్క మాటైనా చెప్పకుండా తుక్కులో వేశారు. విప్పిన పార్టు ఓనరు చేతిలో పెట్టాలన్న ఇంగితం ఏమైంది? అది ఎవరి సొత్తు అనుకుంటున్నారు?

అసలు జబ్బు ఏంటో నేను ఆ పాత కార్బొరేటర్ చూడకుండానే చెప్తాను. యాక్సిలరేటర్ పంపు. థ్రాటిల్ (పెడల్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) ఒక్కసారిగా తెరిస్తే గాలి వెంటనే దూసుకొస్తుంది, పెట్రోల్ గాలి కంటే బరువు కాబట్టి అంత వేగంగా అందుకోలేదు. ఆ క్షణం మిక్స్చర్ పలచబడి ఇంజిన్ ఆగినట్టవుతుంది. ఆ సందు పూడ్చడానికే ఒక చిన్న పంపు పెట్టారు. పెడల్ తొక్కగానే ఒక ధార పెట్రోల్ చిమ్ముతుంది. అందులో ఉండేది పల్చటి రబ్బరు డయాఫ్రం. ఏళ్ల తరబడి వాడితే అది గట్టిపడుతుంది, పగులుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక పాతకాలపు రబ్బరు ఇంకా తొందరగా పాడవుతోంది. పరీక్ష ఎలాగో తెలుసా? ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ మూత తీసి, లోపలికి చూస్తూ థ్రాటిల్ చేత్తో లాగాలి. ధార సన్నగా, వెంటనే చిమ్మాలి. చిమ్మకపోతే జబ్బు దొరికినట్టే. ఒక్క నిమిషం పని! ఆ ఒక్క నిమిషం పెట్టనివాడు మొత్తం కార్బొరేటర్ పీకేశాడు.

సరే, పీకాడు. పెట్టింది సరిగ్గా పెట్టాడా? "బోల్టులు సరిపోతాయి సార్, డైరెక్టుగా కూర్చుంటుంది" అని అమ్ముతారు. బోల్టులు సరిపోతే పని అయిపోయినట్టా? కార్బొరేటర్ చేసే పని గాలికి తగ్గ పెట్రోల్ కొలిచి ఇవ్వడం. ఇరుకైన గొంతులో గాలి వేగం పెరుగుతుంది, పీడనం పడిపోతుంది, ఆ తేడాకి జెట్ లోంచి పెట్రోల్ పైకి లేస్తుంది. బరువు లెక్కన పెట్రోల్ ఒక వంతుకి గాలి 14.7 వంతులు ఉంటే పూర్తిగా మండుతుంది. పూర్తి బలం కావాలంటే 12.5, 13 దగ్గరికి చిక్కబడాలి. చల్లటి ఇంజిన్‌కి ఇంకా చిక్కగా కావాలి, చోక్ ఉన్నది అందుకే. ఇవన్నీ నడిపేవి మెయిన్ జెట్, ఐడిల్ జెట్, ఎయిర్ జెట్, ఎమల్షన్ ట్యూబు (పెట్రోల్‌లో గాలి బుడగలు కలిపే గొట్టం), ఫ్లోట్ లెవెల్ (కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ మట్టం). వెబర్ కంపెనీ కార్బొరేటర్ మెయిన్ జెట్ మీద 140 అని ఉంటే దాని రంధ్రం 1.40 మిల్లీమీటర్లని అర్థం. 140కీ 145కీ తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఆ తేడాకే బండి గుణం మారుతుంది. మరి పెట్టెలోంచి తీసి యథాతథంగా బిగించిన కార్బొరేటర్‌లో నీ ఇంజిన్‌కి తగ్గ జెట్లు ఉన్నాయని ఎవరు చెప్పారు? వెబర్ 32/36 ఒకటే మోడలు, ఎన్నెన్నో రకాల ఇంజిన్ల మీద పెడతారు. అది మంచిదే, మొదటి గొంతు 32, రెండోది 36 మిల్లీమీటర్లు, రెండోది బాగా తొక్కినప్పుడే తెరుచుకుంటుంది, చక్కటి అమరిక. కానీ జెట్లు మార్చకుండా ఏ ఇంజిన్ మీదైనా అది సరిగ్గా పనిచేస్తుందనుకోవడం అన్యాయం.

ఇంకో సంగతి, ఆ రకం వెబర్లకి పెట్రోల్ ప్రెషర్ సుమారు 3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చాలు. పాత పంపు అంతకంటే గట్టిగా తోస్తే పెట్రోల్‌ని అడ్డుకునే నీడిల్ వాల్వు ఆపలేదు, గిన్నె పొంగి పెట్రోల్ నేరుగా గొంతులోకి దిగుతుంది. ప్రెషర్ గేజీ పెట్టి చూసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి నాకు. పొంగిన పెట్రోల్ పొగై పోతుందిలే అనుకుంటారు, పోదు. సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది, కిందికి దిగి సంప్ అనే అడుగు తొట్టిలో ఆయిల్‌ని పలచన చేస్తుంది. పలచబడ్డ ఆయిల్‌తో రింగులూ బేరింగులూ అరుగుతాయి. అప్పుడు అదే మెకానిక్ "ఇంజిన్ పని చేయించాలి సార్" అంటాడు.

వేడి మీద స్టార్ట్ అవ్వకపోవడం ఎందుకంటే బేకలైట్ స్పేసర్ తీసేశారు కాబట్టి. అది ఉన్నదే మ్యానిఫోల్డ్ వేడి పైకి ఎక్కకుండా. దాని బదులు అల్యూమినియం ప్లేటు పెడితే వేడి నేరుగా గిన్నెలోకి ఎక్కుతుంది, బండి ఆపగానే లోపలి పెట్రోల్ మరిగి పొంగుతుంది. దానికి తోడు రిటర్న్ పైపు మూసేశారు. వేడెక్కిన పెట్రోల్‌ని తిప్పి ట్యాంకుకి పంపే దారి అది. చల్లని స్టార్టింగ్ లేదంటే చోక్ కట్టేశారు. కంపెనీ పెట్టిన ప్రతి పైపుకీ ఒక కారణం ఉంది. తెలియకపోతే అడగాలి, స్క్రూ దిగగొట్టడం పని కాదు.

ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూమ్ పైపు సంగతి విన్నారా? చాలా కార్లలో అది థ్రాటిల్ ప్లేటుకి కాస్త పైనున్న రంధ్రం నుంచి తీసుకోవాలి, స్లో స్పీడులో అక్కడ వాక్యూమ్ ఉండదు. కొత్తదాంట్లో మ్యానిఫోల్డ్ వాక్యూమ్ వచ్చే ముక్కుకి తగిలించారు. దాంతో స్లో స్పీడులోనే నిప్పురవ్వ పడే టైమింగ్ ముందుకి జరిగి, ఇంజిన్ పరుగెత్తుతోంది. పరుగెత్తుతోందని ఐడిల్ స్క్రూ తగ్గించారు. తగ్గిస్తే ఆగిపోతోందని మిక్స్చర్ స్క్రూ విప్పారు. ఒక తప్పు కప్పడానికి ఇంకో తప్పు!

"పెద్దది పెట్టు, పవరొస్తుంది" అనేవాళ్ల మాటకొద్దాం. లెక్క చాలా చిన్నది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి తన కెపాసిటీ అంత గాలి పీలుస్తుంది. 1.6 లీటర్ల ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర నూటికి నూరు శాతం నిండినా నిమిషానికి 4800 లీటర్లు, అంటే 170 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). 350 క్యూబిక్ అంగుళాల పెద్ద ఎనిమిది సిలిండర్ల వీ8 అయినా 5500 దగ్గర 557. మామూలు ఇంజిన్ 85 శాతం నిండితే అదే ఎక్కువ, అప్పుడు 473. దాని మీద 750 సీఎఫ్ఎం కార్బొరేటర్ కూర్చోబెట్టి గొప్పలు చెప్పుకుంటారు. గొంతు పెద్దదైతే గాలి వేగం తగ్గుతుంది, పెట్రోల్ సరిగ్గా లేవదు, తుంపర్లుగా విడిపోదు, రోజూ తోలే స్పీడులో బండి మొద్దుబారుతుంది. రోజూ ఆఫీసుకి వెళ్లే బండి 5500 ఎప్పుడు తిరుగుతుంది?

అన్నిటికంటే నాకు కడుపు మండే ఉదాహరణ ఇది. జనరల్ మోటార్స్ 700ఆర్4 అని 1982లో వచ్చిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంది. దానికి కార్బొరేటర్ థ్రాటిల్ నుంచి ఒక కేబుల్ వెళ్తుంది. పెడల్ ఎంత తొక్కారో దాన్ని బట్టే గేర్‌బాక్స్ లోపల ఆయిల్ ప్రెషర్ మారుతుంది. వేరే కార్బొరేటర్ పెడితే లివర్ కొలత మారిపోతుంది, కేబుల్ సరైన కోణంలో లాగదు, ప్రెషర్ చాలదు, క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. మార్చింది కార్బొరేటర్, పోయింది గేర్‌బాక్స్. సరైన బ్రాకెట్ ఒకటి అమర్చి కేబుల్ సెట్ చేస్తే ఆగే నష్టం. ఎంతమంది ఆ కేబుల్‌ని వైరు ముక్కతో కట్టేసి పంపించారో తలుచుకుంటే చేతులు వణుకుతాయి నాకు.

1980ల్లో వచ్చిన కంప్యూటర్ కార్బొరేటర్ల గతి మరీ ఘోరం. పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ చెప్పింది చూసి కంప్యూటర్, కార్బొరేటర్ లోపలి సోలినాయిడ్‌ని (కరెంటుతో కదిలే మీటని) కదిలించి మిక్స్చర్ సరిచేస్తుంది. దాన్ని పీకి మామూలుది పెడితే సెన్సర్ చెప్పేది వినేవాడుండడు. డిస్ట్రిబ్యూటర్ టైమింగ్ కూడా ఆ కంప్యూటరే చూసేదైతే, దాన్నీ మార్చాల్సిందే. అది చెప్పకుండా అమ్ముతారు.

బయటి కార్బొరేటర్ పెట్టడమే తప్పని నేను అనడం లేదు. బాడీ పగిలితే, కింద బిగించే ఫ్లేంజి వంగి ఇక నునుపు చేసే వీలు లేకపోతే, రిపేర్ కిట్ ఎక్కడా దొరకకపోతే పెట్టుకోవాల్సిందే. థ్రాటిల్ షాఫ్ట్ అరిగి పక్క నుంచి గాలి లాగుతున్నా ముందు బుష్‌లు వేయించి చూడొచ్చు. పెట్టేటప్పుడైనా జెట్లు చేతిలో ఉండాలి, ప్రెషర్ చూడాలి, స్పేసర్ ఉండాలి, చోక్ పనిచేయాలి, గాలి, పెట్రోల్ పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ మీటరు లేకపోతే కనీసం ప్లగ్గుల రంగైనా చదవాలి. అలా ఓపిగ్గా ట్యూన్ చేసిన బండ్లు నేను తోలాను, హాయిగా పరిగెత్తుతాయి. ఆ ఓపిక పెట్టినవాళ్లకి దండం పెడతాను.

కానీ కార్బొరేటర్ మీద చెయ్యి వేసేముందు డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాప్ చూశారా? కండెన్సర్? టైమింగ్? ప్లగ్ వైర్లు? వాక్యూమ్ గేజీ తగిలించారా? కార్బొరేటర్ తప్పని తేల్చిన వాటిలో ఎన్నిటికో అసలు జబ్బు ఇగ్నిషన్‌లో, అంటే నిప్పురవ్వ ఇచ్చే వైపు, ఉంటుంది. ఇప్పుడు ఎవరూ జబ్బు వెతకడం లేదు, పార్టు మారుస్తున్నారు. పోకపోతే ఇంకో పార్టు. వెతకడం నేర్పేవాళ్లని మనమే పక్కకి నెట్టేశాం. సన్నటి వైరు జెట్‌లో పెట్టి పొడుస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపి, "ఇత్తడి రంధ్రం పెద్దదవుద్ది, గాలితో ఊదు" అని చెప్పే పెద్ద మేస్త్రీలు ఉండేవాళ్లు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునేవాడు ఒక్కడూ లేడు. పుస్తకం తెరిచేవాడు అసలే లేడు.

పుస్తకమంటే గుర్తొచ్చింది, ఇదీ రాస్తాను. ఇదే మోడలు కారుకి కంపెనీ సర్వీస్ మాన్యువల్ నా దగ్గర ఉండేది. కార్బొరేటర్‌కి ఒక పేజీ నిండా పట్టిక. ఏ ఏడాది బండికి ఏ జెట్, ఫ్లోట్ ఎన్ని మిల్లీమీటర్లు, ఏ పైపు ఎక్కడికి పోవాలో బొమ్మ. అంచుల్లో నేను పెన్సిల్‌తో రాసుకున్నవి కూడా ఉన్నాయి. ఒక పెద్దాయన "చూసి ఇచ్చేస్తాను బాబూ" అని పట్టుకెళ్లారు. ఏళ్లయింది. గట్టిగా అడిగితే "అవన్నీ ఇప్పుడెవరు చూస్తున్నారయ్యా, కార్బొరేటర్ మార్చేస్తే పోలా" అన్నారు. ఆ మాట ఇవాళ్టికీ గుచ్చుకుంటుంది. ఇవాళ ఆ బానెట్ ముందు నిలబడి, ఏ పైపు ఎక్కడికో కొంత గుర్తు మీద, కొంత తడుముకుంటూ తగిలిస్తుంటే ఇంకా గుచ్చుకుంది.

ఆ పెద్దాయన నా పోస్టులు చదువుతారు, ఇదీ చదువుతారు. అయ్యా, ఆ మాన్యువల్ మీ బీరువాలో ఉందో అటక మీద ఉందో మీకు అక్కర్లేదు, నాకు కావాలి. పంపండి, లేదా నేనే వచ్చి తీసుకుంటాను. రేపు పొద్దున్నే నేనూ నా ఫ్రెండూ వెళ్లి ఆ మెకానిక్ తుక్కు డబ్బాలన్నీ బోర్లించి వెతకబోతున్నాం. పాతది దొరికితే రేపు రాత్రికే విప్పుతాను, ఫ్లోట్ లెవెల్ ఎంతో నాకు ఆ పేజీలోంచే కావాలి.