శుద్ధి అయింది, ముట్టుకోకండి

ఇల్లు ఊడ్చి, చెత్త బయట పారబోసి, చేతులు కడుక్కుంటే శుభ్రమైపోయిందని నమ్మే అజ్ఞానులం మనం. ఆ మాటకు అసలైన నిర్వచనం అమెరికాలో, డెన్వర్ నగరపు పొలిమేరలో, సుమారు 17,000 ఎకరాల మేర పరుచుకుని ఉంది. దాని పేరు రాకీ మౌంటెన్ ఆర్సెనల్, అంటే ఒకప్పటి సైనిక ఆయుధ కర్మాగారం. 1942లో రైతులను లేవగొట్టి సైన్యం అక్కడ మస్టర్డ్ గ్యాస్, లూయిసైట్ అనే విష రసాయన ఆయుధాలు తయారుచేసింది. 1950లలో సారిన్ అనే, నరాలను దెబ్బతీసి చంపే విషం తయారుచేసింది. ఖాళీగా ఉన్న షెడ్లను కౌలుకిస్తే షెల్ కంపెనీ 1982 వరకు పురుగుమందులు చేసుకుంది. ఇప్పుడది జాతీయ వన్యప్రాణి ఆశ్రయం. రెండు వందల కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి, 2010లో శుద్ధి ముగిసిందని ప్రకటించారు.

శుద్ధి అయిన ఆ నేల మీద ఎవరూ నివసించకూడదు, వ్యవసాయం చేయకూడదు, అడుగున ఉన్న నీరు తాగకూడదు. చెరువుల్లో చేపలు పట్టుకోవచ్చు గానీ తినకూడదు. అంటే ఒక పెద్దమనిషి తెల్లవారుజామునే లేచి, గాలం వేసి, మునిలాగా కూర్చుని, చివరికి చేపను పైకి లాగి, దాని నోట్లోంచి కొక్కెం మెల్లగా తీసి, క్షేమంగా వెళ్లి రమ్మని నీళ్లలోకి సాగనంపాలన్నమాట. నేతిబీరకాయలో నేయి ఎంత ఉంటుందో ఈ శుద్ధిలో శుద్ధీ అంతే ఉందని కొందరు గొణుగుతారు. వారికి చరిత్ర తెలియదు. ఆ విషం చోటు మారిన ప్రతిసారీ దానిని వదిలించుకున్నామనే సైన్యం చెబుతూ వచ్చింది.

మొదట ఈ తయారీలో మిగిలిన విషపు నీటిని అడుగున ఏమీ పరచని మడుగులోకి వదిలారు. అది భూమిలోకి ఇంకి, ఆ నీటితో తడిసిన పక్కవారి పొలాలు ఎండిపోయాయని 1954లో ఫిర్యాదులు వచ్చాయి. దానితో 1956లో అడుగున తారు పరిచి, 93 ఎకరాల కొత్త మడుగు తవ్వారు. మంచినీరనుకుని వాలిన బాతులు చచ్చాయి. పైన ఉంచితే బాతులతో తంటా, కింద ఉంచితే రైతులతో తంటా కాబట్టి, ఇంకా కిందికి పంపాలని ఎవరో మేధావి ఆలోచించాడు.

1961లో 12,045 అడుగుల లోతు బావి తవ్వారు. 1962 మార్చిలో అందులోకి విషజలాన్ని ఒత్తిడితో దించడం మొదలుపెట్టారు. ఏప్రిల్‌లో భూమి కదిలింది. మొదటిసారి కదిలినప్పుడు ఎవరైనా పాపం పొరపాటనుకుంటారు. అయితే ఆ తర్వాత కొన్నేళ్లలో వెయ్యికి పైగా ప్రకంపనలు వచ్చాయి. ఎక్కువ పోసిన నెలల్లో ఎక్కువగా, తక్కువ పోసిన నెలల్లో తక్కువగా భూమి కదులుతోందని 1965లో డేవిడ్ ఎవాన్స్ అనే భూగర్భ శాస్త్రవేత్త లెక్కలు పక్కపక్కన పెట్టి చూపించాడు. 1966లో పోయడం ఆపారు. భూమికి మాత్రం ఆపాలని ఎవరూ చెప్పినట్టు లేదు. అన్నిటికంటే పెద్ద ప్రకంపనలు 1967లో, బావి ఊరకే ఉన్న కాలంలో వచ్చాయి. పదహారున్నర కోట్ల గ్యాలన్ల విషాన్ని దాచిపెట్టమని అప్పజెబితే, నేలతల్లి కడుపులో పెట్టుకోలేక రచ్చకెక్కింది.

ఇక్కడిదాకా నవ్వగలిగాను. 1954లో పంట ఎండిందని రైతు చెప్పాడు. సారిన్ తయారీలో పుట్టే రసాయనం ఆవరణ దాటి బయటి బావుల్లో దొరికిందని 1974లో తేల్చారు. డెన్వర్ ఉన్న కొలొరాడో రాష్ట్రం 1975లో దాన్ని బయటికి పోకుండా ఆపండని ఉత్తర్వులిచ్చింది. దేశంలో అత్యంత కలుషిత స్థలాల జాబితాలో దీనికి చోటు దక్కింది 1987లో. మొక్క చచ్చిందని చెప్పినవాడి బావిని పరీక్షించడానికి ఇరవై ఏళ్లు ఎందుకు పట్టింది? ఆ ఇరవై ఏళ్లూ ఆ బావుల నీళ్లు తాగినవాళ్లు మనుషులు కారా? బాతు చస్తే బాతుల్ని బెదరగొట్టారు, పంట చస్తే తారు పరిచారు. విషం తయారుచేయడం ఆపుదామన్న ఆలోచన మాత్రం ఒక్క బల్ల దగ్గరా పుట్టలేదు.

క్షమించాలి, నిగ్రహం తప్పింది. 1986లో అక్కడ శీతకాలం గడుపుతున్న బట్టతల గద్దలు (బాల్డ్ ఈగిల్స్) కనిపించాయి, 1992లో ఆ స్థలాన్ని వన్యప్రాణి ఆశ్రయం చేయాలని చట్టం వచ్చింది. 2000లో పాత ఇనుప సామాను ఏరుతుండగా చేతిలో పట్టేంత గుండ్రటి సారిన్ బాంబు ఒకటి బయటపడింది. వెతికేకొద్దీ పది తేలాయి. ఇంట్లో పది సారిన్ బాంబులు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం ఎవరికైనా సహజమే కదా.

2007లో బైసన్ అనే అమెరికా అడవిదున్నల మందను తెచ్చి వదిలారు. అత్యంత కలుషితమైన మట్టిని అక్కడే పెద్ద గోతుల్లో పూడ్చి, పైన కప్పు వేసి, గడ్డి నాటారు. కాబట్టి విషం ఇంకొకసారి చోటు మారింది, ఈసారి ఆవరణ కూడా దాటకుండా. భూగర్భ జలాన్ని తోడి, వడగట్టి, తిరిగి నేలలోకి పంపే యంత్రాలు శుద్ధి ముగిసిన తర్వాత కూడా నడుస్తూనే ఉన్నాయి. పూడ్చిన ఆ గోతులు ఇప్పటికీ సైన్యం చేతిలోనే ఉన్నాయి; చేపను వదిలేసి వచ్చిన పెద్దమనిషిని అటువైపు రానివ్వరు.