దివాలా తీసిన పత్రిక పేరు ఎవరి చేతికి?

పేపర్ ఆఖరి పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది. ఎవరి తరఫున, ఎవరు, ఏ ఊళ్లో, ఏ ప్రెస్సులో అచ్చు వేశారో, ఎడిటర్ ఎవరో అందులో రాస్తారు. చట్టప్రకారం అది ఉండి తీరాలి. దాన్ని చదివేవాళ్లు మాత్రం బహు తక్కువ. మన కళ్లు వెళ్లేది మొదటి పేజీ నెత్తిన ఉండే పేరు మీదికే. ఏళ్ల తరబడి పొద్దున్నే ఇంటికొచ్చే పేరు కాబట్టి నమ్ముతాం. కంపెనీ దివాలా తీసి వ్యవహారం కోర్టుకెక్కితే, పైనున్న పేరు అలాగే ఉండి కింది లైన్ మారిపోవచ్చు. పాఠకుడికి ఆ సంగతి తెలియకుండానే రోజులు గడిచిపోతాయి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. సికింద్రాబాద్‌లో 1938లో పుట్టిన డెక్కన్ క్రానికల్‌నే చూడండి. ఆంధ్రభూమి కూడా ఆ ఇంటి బిడ్డే. ఈ పత్రికలను నడిపిన డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ 2008లో సుమారు 10.7 కోట్ల డాలర్లు పెట్టి ఐపీఎల్ టీమ్ కొన్నది. 2009లో కప్పు గెలిచింది. 2012కల్లా అప్పుల్లో కూరుకుపోయి ఆ టీమ్‌నే పోగొట్టుకుంది. 2017 జులైలో నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచ్ కంపెనీపై దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత, 2019 జూన్‌లో, కంపెనీని మళ్లీ నిలబెట్టడానికి శ్రేయి అనే ఫైనాన్స్ సంస్థకు చెందిన విజన్ ఇండియా ఫండ్ ఇచ్చిన ప్లాన్‌కు ఆమోదం దొరికింది.

అసలు పేచీ ఆ తర్వాతే మొదలైంది. డెక్కన్ క్రానికల్, ఆంధ్రభూమి అనే రెండు పేర్లూ ఎవరివి? కంపెనీవేనని ట్రిబ్యునల్ అదే ఏడాది ఆగస్టులో తేల్చింది. కాదు, మావేనని డెక్కన్ క్రానికల్ మార్కెటీర్స్ అనే భాగస్వామ్య సంస్థ వాదించింది. చివరికి 2023 మార్చిలో సుప్రీంకోర్టు విషయం తేల్చింది. ఆమోదం పొందిన ప్లాన్‌లో ఉన్నది ఆ పేర్లను వాడుకునే హక్కు మాత్రమే. దాన్ని తర్వాత యాజమాన్యంగా మార్చడం ప్లాన్‌నే తిరగరాయడం అవుతుంది, అది కుదరదని చెప్పింది. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇంట్లో ఉండొచ్చు కానీ ఇల్లు నీది కాదు.

తీర్పు న్యాయంగానే ఉంది. నన్ను బాధించేది ఆలస్యం. దివాలా ప్రక్రియ మొదలైన రోజే తేలాల్సిన ప్రశ్న తేలడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది. ఈలోగా, 2020 లాక్‌డౌన్‌లో, ఆంధ్రభూమి అచ్చు ఆగిపోయింది. ఆ పేరు ఎవరిదని లాయర్లు వాదించుకుంటున్నప్పుడు ఆ పేరు మీద పొద్దున్నే పేపరే రావడం లేదు.

క్రికెట్‌లో ఇది పెద్ద సమస్య కాదు. హైదరాబాద్ టీమ్ హక్కులు సన్ టీవీకి వెళ్లాయి, డెక్కన్ చార్జర్స్ పోయి సన్‌రైజర్స్ వచ్చింది, జనం అలవాటుపడిపోయారు. పత్రికకు అలా కుదరదు. ప్రెస్సు, న్యూస్‌ప్రింట్, ఆఫీసు బిల్డింగ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. పేరు తీసేస్తే మిగిలేది ఇనుమూ కాగితమే.

పైగా పేరు వాడకపోతే చచ్చిపోతుంది. మన ట్రేడ్‌మార్క్ చట్టంలో ఐదేళ్ల మూడు నెలలు వాడకుండా వదిలేసిన మార్కును రిజిస్టర్ నుంచి తీసేయమని అడిగే వీలుంది. అంత దూరం వెళ్లకముందే మార్కెట్ దాన్ని మర్చిపోతుంది. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ బ్రాండ్ విలువ ఒకప్పుడు 4 వేల కోట్ల రూపాయల పైమాటే అని లెక్కగట్టారు. విమానాలు ఆగిపోయాక, 2016లో బ్యాంకులు ఆ ట్రేడ్‌మార్కులను 366.70 కోట్ల కనీస ధరకు వేలానికి పెడితే పాట పాడడానికి ఒక్కరూ రాలేదు.

అందుకే, కేసు నడుస్తున్నంత కాలం పత్రిక పేరును తాళం వేసి ఉంచడం కంటే, పేపర్ నడపగలిగిన వాళ్లకు లైసెన్సు మీద ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. కంపెనీని నడుస్తున్న వ్యాపారంగా నిలబెట్టమనే దివాలా చట్టం కూడా చెబుతోంది. కానీ ఎవరికిస్తున్నామన్నది, ఎంతకిస్తున్నామన్నదానితో సమానంగా చూడాలి. ఎక్కువ అద్దె ఇస్తానన్నవాడు రేపు ఆ పేరు మీద డబ్బు తీసుకుని వార్తలు రాస్తే, ఆ మచ్చ తుడవడం ఏ కోర్టు వల్లా కాదు. పేరును ఇంకొకరికి వాడుకోనిస్తే నాణ్యత మీద అదుపు ఉండాలన్నది ట్రేడ్‌మార్క్ చట్టంలో పాత సూత్రమే. దివాలా వ్యవహారాల్లో దాన్ని లాంఛనంగా వదిలేయకూడదు.

అమెరికాలో ఇన్ఫోవార్స్ అనే మీడియా సంస్థ గొడవ ఇక్కడ గుర్తొస్తుంది. 2012లో శాండీ హుక్ స్కూల్లో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్లు తుపాకీ కాల్పులకు బలైతే, అదంతా నాటకమని ఆ సంస్థ అధిపతి అలెక్స్ జోన్స్ ప్రచారం చేశాడు. పరువునష్టం కేసుల్లో వంద కోట్ల డాలర్లకు పైగా పరిహారం పడింది, దివాలా తీశాడు. 2024 నవంబర్‌లో ఇన్ఫోవార్స్‌ను వేలం వేస్తే, కొనడానికి ది ఆనియన్ అనే వ్యంగ్య పత్రిక ముందుకొచ్చింది. దాని పాట నెగ్గడం కోసం బాధిత కుటుంబాల్లో కొందరు తమకు రావాల్సిన డబ్బులో కొంత వదులుకోవడానికి కూడా సిద్ధపడ్డారు. ఆ పేరు మళ్లీ అవే చేతుల్లోకి పోకూడదన్నదే వాళ్ల తపన. వేలం జరిగిన తీరు సరిగా లేదని, ఇంకా ఎక్కువ డబ్బు వచ్చేదని జడ్జి ఆ అమ్మకాన్ని డిసెంబర్‌లో ఒప్పుకోలేదు. వేలం పద్ధతిగా జరగాలన్న జడ్జి పట్టుదల సరైనదే. అయినా ఆ కుటుంబాలు డబ్బు కంటే ముఖ్యమైనది ఒకటుందని చూపించాయి.

మన దగ్గర మరో అన్యాయం ఉంది. పేరును లైసెన్సుకివ్వాలా, ఎవరికివ్వాలా అన్నదాంట్లో బలమైన మాట అప్పులిచ్చిన బ్యాంకుల కమిటీది. జీతాలు రాని సబ్ ఎడిటర్‌కూ, మెషీన్ మీద పనిచేసిన మనిషికీ అక్కడ ఓటు లేదు. మండలాల్లో పనిచేసే కంట్రిబ్యూటర్ల పరిస్థితి ఇంకా అధ్వాన్నం. చాలామందికి అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు, మెడలో ఐడీ కార్డు, నెలాఖరుకు లైన్ అకౌంట్. అంటే ఎన్ని లైన్లు అచ్చయితే అన్ని రూపాయలు. బకాయి ఉందని క్లెయిమ్ వేయాలంటే ఏ కాగితం చూపిస్తాడు? కత్తిరించి దాచుకున్న పేపర్ ముక్కలు చూపిస్తాడా? జిల్లా పేజీ నింపింది వాళ్లు. ఆ ఊళ్లలో పేరు నిలబెట్టింది వాళ్లు. లైసెన్సు ఫీజులో మొదటి వాటా వాళ్ల బకాయిలకే పోవాలని ఒప్పందంలోనే రాయాలి. అచ్చయిన లైన్లనే ఆధారంగా ఒప్పుకోవాలి.

ఇక పాఠకుడి సంగతి. పేరు ఎవరిది, ప్రస్తుతం ఎవరు నడుపుతున్నారు, ఎప్పటిదాకా నడుపుతారు అన్నది అతనికి రోజూ కనిపించాలి. కోర్టు కేసు తేలేవరకు ఆఖరి పేజీ అడుగున ఉన్న ఆ సన్న లైన్ మొదటి పేజీకి రావాలి, సరిగ్గా పత్రిక పేరు కిందకి, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత అక్షరాల్లో.