చచ్చి రుజువు చేయమంటారా?

2003 నవంబర్ 22, సిడ్నీ. రగ్బీ ప్రపంచకప్ ఫైనల్, ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి నిమిషాలు. స్కోరు 17-17. బయటికి పోయిన బంతిని రెండు జట్ల వరసల మధ్యకు విసిరే లైనవుట్‌లో, ఆ విసిరే పని చూసే ఇంగ్లండ్ హుకర్ స్టీవ్ థాంప్సన్ బంతిని వరస చివరనున్న లూయిస్ మూడీ దాకా విసిరాడు. కాస్త గురి తప్పినా బంతి ఆస్ట్రేలియా చేతికి పోయేదే. అక్కడి నుంచి నడిచిన ఆటలోనే జానీ విల్కిన్సన్ డ్రాప్ గోల్ (బంతిని నేలకు తాకించి గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) కొట్టాడు, కప్పు ఇంగ్లండ్‌దైంది. విల్కిన్సన్ పేరు లోకానికంతా తెలుసు. థాంప్సన్‌కు మాత్రం ఆ కప్పు గెలిచిన సంగతే గుర్తులేదు.

తనకు 42 ఏళ్లకే డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) అని 2020లో బయటపెట్టాడు. ఆ తర్వాత వందల మంది మాజీ ఆటగాళ్లు, తలదెబ్బల నుంచి తమను కాపాడలేదంటూ రగ్బీ సంఘాల మీద కోర్టుకెక్కారు.

ఇష్టపడి ఆడారు, డబ్బు తీసుకున్నారు, ఆటకూ జబ్బుకూ లంకె తేలలేదు కదా అనేవాళ్లున్నారు. స్కాట్లాండ్ మాజీ అంతర్జాతీయ ఆటగాళ్లపై 2022లో వచ్చిన అధ్యయనం, మెదడు క్షీణించే జబ్బుల ముప్పు వాళ్లకు మామూలు జనం కంటే రెండు రెట్లకు పైనే అని చెప్పింది. ఇంకేం తేలాలి?

అసలు మెలిక ఇక్కడుంది. తలకు పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే సీటీఈ అనే జబ్బును ఖాయంగా నిర్ధారించాలంటే, మనిషి పోయాక మెదడును కోసి చూడాల్సిందే. అలాంటప్పుడు బతికున్నవాడిని పక్కా రుజువు తెమ్మనడం ఏం న్యాయం? స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల ఎనిమిదేసి మంది తలలు వంచి ఒకరినొకరు తోసుకునే చోట, హుకర్ పని చూడండి. చెరో చెయ్యి అటూ ఇటూ ఉన్న సహ ఆటగాళ్లు ప్రాప్‌ల మీద. ఎదురుగా ఎనిమిది మంది బరువు. వాళ్లు ఢీకొంటే తోసుకోవడానికి చేతులు ఖాళీ ఉండవు, మెడా తలా తప్ప. 1995లో ఆట ప్రొఫెషనల్ అయ్యాక అదే జీతం పని అయింది. మ్యాచ్ రోజున చూసేవాళ్లుంటారు, వారమంతా ప్రాక్టీసులో తగిలే దెబ్బల లెక్క ఎవరు రాశారు?

జీతమిచ్చి చేయించుకున్న పనిలో ఒళ్లు గుల్లయితే దాన్ని వృత్తి వ్యాధి అంటాం. రాతి క్వారీ కూలీకి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ వస్తే క్షయ అని పంపేయడం మన దగ్గరా చూస్తున్నదే. క్రీడాకారుడికి చప్పట్లు ఎక్కువ, అంతే తేడా. రుజువు భారం పని చేయించుకున్నవాడి మీదే ఉండాలి. ప్రపంచకప్ ప్రసార హక్కుల సొమ్ములోంచి మాజీలకు జీవితాంతం వైద్య నిధిని ముందే తీసి పెట్టాలి, కోర్టు తీర్పు దాకా ఆగకుండా. తన మెదడును పరిశోధనకు రాసిచ్చేశాడు థాంప్సన్. సంఘాలు కనీసం పాత శిక్షణ రికార్డులైనా బయట పెట్టొచ్చు.