ఆడవా... ఆడనిచ్చారా?

మొన్న ఆదివారం నల్లగొండ గడియారం చౌరస్తాకు కూతవేటు దూరంలో ఒక థియేటర్ ముందు మా విలేకరి చూసిన సంగతి ఇది. తిప్పర్తి వైపు పల్లె నుంచి ఒక తండ్రి ఇద్దరు పిల్లలను బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. పిల్లలు అడిగింది బొమ్మల సినిమా. గోడ మీద పోస్టర్ ఉంది, హాల్లో ఆట లేదు. శుక్రవారం, శనివారం ఉదయం ఆట మాత్రం వేశారట. అది పిల్లలు బడిలో ఉండే వేళ. తీరా బడి లేని ఆదివారం వచ్చేసరికి సినిమానే ఎత్తేశారు. చిన్నమ్మాయి పోస్టర్ మీద చెయ్యి పెట్టి అక్కడి నుంచి కదలనంది. చేసేది లేక ఆ తండ్రి పక్క హాల్లో ఆడుతున్న గొడ్డళ్ల సినిమాకు మూడు టికెట్లు తీసుకున్నాడు. దానికున్నది ‘ఏ’ సర్టిఫికెట్. గేటు దగ్గర టికెట్లు చింపిన మనిషి పిల్లల వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఫ్యామిలీలు థియేటర్‌కు రావడం లేదని మన సినిమా వ్యాపారులు మొత్తుకోని రోజు లేదు. వచ్చిన ఫ్యామిలీని ఆదివారం పూట గేటు ముందు నిలబెట్టి, పిల్లలు చూడకూడని సినిమాలోకి తోసింది ఎవరు? కుటుంబ సినిమాలు ఆడవన్నది వీళ్ల మాట. ఆడవా, ఆడనిచ్చారా అన్నది మా ప్రశ్న.

2024 మే నెల గుర్తు చేసుకోండి. జనం రావడం లేదని, కరెంటు బిల్లుకు సరిపడా డబ్బులు కూడా రావడం లేదని తెలంగాణలో సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది రోజులు మూసేశారు. ఎన్నికలు, ఐపీఎల్, పెద్ద సినిమాలు లేకపోవడం కారణాలుగా చెప్పారు. నిజమే కావచ్చు. కానీ అది నడి వేసవి సెలవుల కాలం. పాలమూరులో, నల్లగొండలో, సూర్యాపేటలో, వనపర్తిలో పిల్లలంతా ఇళ్లలో ఉన్నారు. ఎండకు బయట ఆడలేక, ఇంట్లో తోచక ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఊళ్లో చల్లటి ఏసీ హాలు ఉంది, చూసే పిల్లలున్నారు, తీసుకెళ్లే తల్లిదండ్రులున్నారు. వాళ్లకోసం ఒక్క సినిమా వేద్దామని ఎవరికీ తట్టలేదు. తాళం వేయడమే సులువనిపించింది.

ఆడవు అనే మాటకు మన కళ్లముందే జవాబు దొరికింది. 2025 జులై 25న ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. దానికి ముందురోజే పవన్ కల్యాణ్ ‘హరిహర వీరమల్లు’, వారం తిరక్కుండా విజయ్ దేవరకొండ ‘కింగ్‌డమ్’. ఆ రెండింటి మధ్య హీరో లేని, హీరోయిన్ లేని బొమ్మల సినిమా నిలబడింది. చూసినవాళ్లు చెప్పుకున్న మాటలతోనే ఆటలు పెరిగాయి. వసూళ్లు 300 కోట్ల రూపాయలు దాటాయి. భారతీయ యానిమేషన్‌లో అంత వసూలు చేసిన సినిమా మరొకటి లేదు. యాదగిరిగుట్ట, మట్టపల్లి, సింగోటం ఉన్న నేల మనది. వాడపల్లిలో స్వామి ఊపిరికి దీపం కదులుతుందని నమ్మి, దాన్ని చూపించడానికి పిల్లలను భుజాల మీదికి ఎత్తుకునే జనం మనవాళ్లు. ప్రహ్లాదుడి కథ ఇక్కడ ఆడదని ఎవరైనా ఎలా అనుకున్నారో మాకు అర్థం కాదు.

దేవుడి కథ కాబట్టి ఆడిందంటారా? మరి ‘లిటిల్ హార్ట్స్’ సంగతేమిటి? అదే ఏడాది సెప్టెంబర్ 5న వచ్చింది. ఎంసెట్ పోయి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరిన కుర్రాడు, అక్కడ పరిచయమైన అమ్మాయి, ఇంట్లో తిట్లు, స్నేహితుల అల్లరి. కత్తి లేదు, నెత్తురు లేదు. కొడుకును కోచింగ్‌కు పంపి రాత్రిళ్లు టెన్షన్ పడే తండ్రి, ఆ కొడుకు పక్కనే కూర్చుని నవ్వగలిగిన సినిమా అది. చిన్న బడ్జెట్‌తో తీసి పెద్ద లాభం చూసింది. అంతకు చాలా ముందు, 2016లో ‘పెళ్ళిచూపులు’ ఇదే దారిలో వచ్చి జాతీయ అవార్డు తెచ్చుకుంది. ఇలాంటి సినిమా ప్రతిదీ గొప్పదని మేము అనడం లేదు. ద్వంద్వార్థాలను కామెడీ పేరుతో అమ్మేవీ ఉన్నాయి. కానీ మంచిదో చెడ్డదో తేల్చుకోవడానికి జనానికి ఒక శని, ఆదివారాలైనా ఇవ్వాలి కదా.

అద్దెలు, జీతాలు, ముందే కట్టిన అడ్వాన్సులు ఉంటాయి, పెద్ద హీరో సినిమాను ఆపి చిన్నది వేయలేమని థియేటర్ల వాళ్లు అంటారు. వాళ్ల కష్టం మాకు తెలుసు. కానీ నాలుగు ఆటల్లో ఒకటి, అదీ ఆదివారం మ్యాట్నీ పిల్లలకు ఇస్తే మునిగిపోయే వ్యాపారం ఏదీ లేదు. పెద్ద సినిమాకు తెల్లవారుజామున కూడా తెరుచుకునే తలుపులు బొమ్మల సినిమాకు మధ్యాహ్నం రెండు గంటలకు తెరుచుకోకపోవడం సవతి తల్లి ప్రేమ కాక మరేమిటి?

ప్రభుత్వం తీరూ అంతే. 2024 డిసెంబర్‌లో సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు మృత్యువు అంచు దాకా వెళ్లాడు. ఇక బెనిఫిట్ షోలు లేవు, రేట్ల పెంపు లేదని ముఖ్యమంత్రి అసెంబ్లీలో చెప్పారు. నెల తిరగకుండానే సంక్రాంతి సినిమాకు పెంపు ఇచ్చారు, విమర్శలొచ్చాక వెనక్కి తీసుకున్నారు. 16 ఏళ్ల లోపు పిల్లలను ఉదయం 11కు ముందు, రాత్రి 11 తర్వాత థియేటర్లలోకి రానివ్వొద్దని 2025 జనవరిలో హైకోర్టు చెబితే, మల్టీప్లెక్సుల వాళ్లు కోర్టుకెళ్లారు, మార్చిలో ఆ ఆంక్ష సడలింది. రేట్లు పెంచుకోవడానికి జీవోలు పరుగెత్తుకొస్తాయి. పిల్లల సినిమాకు ఒక ఆట కేటాయించమనే జీవో మాత్రం మాకు తెలిసి రాలేదు. ముఖ్యమంత్రి పాలమూరు బిడ్డ. సినిమాటోగ్రఫీ మంత్రి సాక్షాత్తూ నల్లగొండ ఎమ్మెల్యే. వాళ్ల సొంత ఊళ్లలోనే ఈ గతి. గద్దర్ అవార్డుల్లో ‘35 చిన్న కథ కాదు’కు ఉత్తమ బాలల చిత్రం అవార్డిచ్చి చప్పట్లు కొట్టారు, సంతోషం. ఆ సినిమాను జిల్లాలో ఎంతమంది బడి పిల్లలకు చూపించారు?

‘ఏ’ సర్టిఫికెట్ సినిమాకు 18 ఏళ్లు నిండనివారిని రానివ్వడం 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం నేరం. 2023లో చట్టం సవరించి, పెద్దల మార్గదర్శనంలో పిల్లలు చూడొచ్చనే ‘యూఏ’ సర్టిఫికెట్‌లో 7, 13, 16 ఏళ్ల గీతలు కూడా గీశారు. అవి తల్లిదండ్రుల విచక్షణ కోసం. ఆ అంకె పోస్టర్ మీద ఉంటుందని కూడా చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లూ పట్టించుకోరు. తిలాపాపం తలా పిడికెడు. మూడేళ్ల పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తలలు తెగే సీన్ చూస్తూ, పాప ఉలిక్కిపడితే కళ్లు మూసే తండ్రులను మేము చూస్తున్నాం. అమ్మా, నాయనా, ఆ పాప చెవులు ఎవరు మూస్తారు?

ఛోటా భీమ్‌ను దేశానికి ఇచ్చింది హైదరాబాద్. పిల్లల చలనచిత్రోత్సవం ఏళ్ల తరబడి జరిగిందీ హైదరాబాద్‌లోనే. 2017లో ఇరవయ్యోది జరిగాక దాని ఊసే వినపడడం లేదు. నడిపించిన బాలల చిత్ర సంస్థనే 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. బొమ్మలు గీసే చేతులు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, చూసే కళ్లు ఇక్కడున్నాయి, మధ్యలో గేటుకు తాళం వేసి కూర్చున్నది, సినిమా వ్యాపారులారా, మీరు.

దసరా సెలవులు వస్తాయి, సంక్రాంతి వస్తుంది, మళ్లీ వేసవి వస్తుంది. ఆదివారం మ్యాట్నీ పిల్లలకు వదలండి. ‘ఏ’ సినిమా గేటు దగ్గర వయసు అడగండి. అదీ చేతకాకపోతే, ఫ్యామిలీలు రావడం లేదని ఇంకోసారి మైకు ముందుకు రాకండి.