‘మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు’ బోర్డు గారికి బహిరంగ లేఖ

శ్రీయుత బోర్డు గారికి,
మొజంజాహీ మార్కెట్ చౌరస్తా, హైదరాబాద్.

ఉభయకుశలోపరి. మీ క్షేమసమాచారం అడగక్కర్లేదు, ఏ గల్లీలోకి తిరిగినా ఏదో ఒక హోటల్ గోడ మీద మీరే కనిపిస్తున్నారు. అసలు నా ఫిర్యాదే అది. బ్రాంచీలు లేవని చెప్పుకునే మీకు ఊళ్లో ఇన్ని బ్రాంచీలు ఎప్పుడు వచ్చాయండీ?

మీకు బాగా అచ్చొచ్చిన పేట ఇదే. అబిడ్స్‌లో బయల్దేరి మొజంజాహీ మార్కెట్ మీదుగా నాంపల్లి స్టేషన్ చేరేసరికి రెండు కిలోమీటర్లు కూడా నిండవు, కడుపు మాత్రం రెండుసార్లు నిండుతుంది. టిఫిన్‌కి ఒక చోటు, ఇరానీ చాయ్‌కి ఒకటి, జాజికాయ వేసిన జౌజీ హల్వాకి ఇంకొకటి అని ఇక్కడ ఎవరి అడ్డాలు వాళ్లకున్నాయి. ఊరి నుంచి వచ్చిన చుట్టం ‘ఎక్కడ తింటే బాగుంటుంది’ అని అడిగిన పాపానికి అన్నదమ్ములు ఇద్దరూ మాటలు మానేసిన ఇళ్లున్నాయి.

మార్కెట్ సంగతే చూడండి. ఏడో నిజాం తన రెండో కొడుకు మొజం జా పేరిట 1935లో కట్టించిన రాతి కట్టడం. పండ్ల మార్కెట్ ఇక్కణ్నుంచి గడ్డిఅన్నారం వెళ్లింది, అక్కణ్నుంచి బాటసింగారం పోయింది. సీతాఫలం మాత్రం ఐస్‌క్రీమ్ రూపంలో ఇక్కడే ఉండిపోయింది. సీజన్‌లో సాయంత్రం పూట వెళ్తే ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీ దొరకడం గగనం. తినేవాళ్ల వెనకాలే నిలబడి, చివరి చెంచా నోట్లోకి ఎప్పుడు పోతుందా అని కప్పులోకి తొంగి చూడాలి. ఆ తినేవాళ్లకి కూడా సంగతి తెలుసు. అందుకే ఇంకాస్త నెమ్మదిగా నాకుతారు.

ఒకప్పుడు మీ మాటలో నిజం ఉండేది, కాదనను. గల్లా మీద యజమాని ఒక్కడే, పొయ్యి దగ్గర మాస్టర్ ఒక్కడే. మధ్యాహ్నం రెండయ్యేసరికి గిన్నె అడుగు కనిపించేది, షట్టర్ సగం దిగేది. రెండో హోటల్ పెట్టాలంటే రెండో మాస్టర్ కావాలి. ఆ మాస్టర్‌కి మసాలా లెక్క చెప్పాలి. చెబితే ఆర్నెల్లు తిరక్కుండా వాడు ఎదురుగానే సొంత హోటల్ తెరుస్తాడు. జనం మిమ్మల్ని చూసి ‘ఎంత పట్టుదల’ అని మురిసిపోయారు గానీ, మీరు ఓనర్ గారి టెన్షన్‌కి రంగు పూసి తగిలించిన రేకు ముక్క.

తర్వాత పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఆస్తులు పంచుకున్నారు. గోడ మధ్యలో లేచింది. మసాలా లెక్కకి గోడ కట్టడం కుదరదు కాబట్టి ఇద్దరూ ఉంచుకున్నారు. పెద్దాయన ఫొటో కూడా అంతే: అదే ఫొటో, అదే టోపీ, రెండు గల్లాల మీదా ఉంటుంది. ఒక ఫొటోకి మల్లెల దండ, ఇంకోదానికి ప్లాస్టిక్ దండ. బయట ఒకరిది ‘ఒరిజినల్’, ఇంకొకరిది ‘అసలైన ఒరిజినల్’. రెండింటి కిందా మీరే. ఏ వైపు సాక్ష్యం చెబుతున్నారో మీకైనా తెలుసా?

మీ అండ లేకుండా బతికినవాళ్లూ ఇక్కడే ఉన్నారు. దేశ విభజనప్పుడు సింధ్ నుంచి వచ్చిన కుటుంబం 1953లో ఈ మార్కెట్ దగ్గరే కరాచీ బేకరీ పెట్టింది. ఇప్పుడు ఫ్రూట్ బిస్కెట్లు విమానాశ్రయంలో కూడా దొరుకుతున్నాయి, వాళ్లేమీ దాచుకోలేదు. తెల్లవారుజామున దోసెలు పోసే రామ్ కీ బండీకైతే అసలు గోడే లేదు, మిమ్మల్ని ఎక్కడ తగిలిస్తారు? పెనం చుట్టూ మూగిన కుర్రాళ్లే బోర్డు. ఆ పేరుతో ఇప్పుడు ఊళ్లో షాపులున్నాయి. పేరులో బండి ఉంది, కింద చక్రాల్లేవు. అయినా ‘బ్రాంచీలు లేవు’ అని ఎవరూ ఒట్టేయలేదు కాబట్టి నాకు పేచీ లేదు.

తప్పంతా మీదే అనను. మాదీ ఉంది. మా బావగారు ఉండేది గచ్చిబౌలిలో. వాళ్ల అపార్ట్‌మెంట్ కిందే ఒక పేరున్న హోటల్ బ్రాంచ్ ఉంది. అయినా ఆదివారం పొద్దున్నే కారు తీసి, పార్కింగ్ కోసం అబిడ్స్ చుట్టూ గుడి ప్రదక్షిణలు చేసి, అవే ఇడ్లీలు తిని, ‘మెయిన్ బ్రాంచ్ టేస్టే వేరు’ అంటారు. చట్నీ రెండు చోట్లకీ ఒకే వ్యాన్‌లో వస్తుందని సర్వర్ చెప్పినా నమ్మలేదు. సర్వర్ కొత్తవాడట, వాడికేం తెలుసట!

ఇంతకీ ఈ లేఖ రాయడానికి కారణం మొన్న మా ఇంటికి యాప్‌లో వచ్చిన బిర్యానీ. హోటల్ పేరు చెప్పను. డబ్బా మూత మీద ఎర్రటి అక్షరాల్లో మీరు, చుట్టూ బంగారు అంచు, కింద చార్మినార్ బొమ్మ. అన్నం చల్లారిపోయింది, మిర్చీ కా సాలన్ కారి మూతకి అంటుకుంది. తుడుద్దామని తిప్పితే వెనకాల చిన్నక్షరాల్లో ‘ఫ్రాంచైజీ కోసం సంప్రదించండి’ అని, కింద రెండు సెల్ నంబర్లు.

నాదొక్కటే మనవి. ఈసారి ప్రింటుకి ఇచ్చేటప్పుడు ఆ రెండు ముక్కలూ మూతకి ఒకే వైపు వేయించండి.

ఇట్లు,
రెండో కప్పు సాలన్‌కి డబ్బులు కట్టిన
మీ పాత గిరాకీ