సిఫార్సు ఉత్తరం గారి సముఖానికి

మహారాజశ్రీ సిఫార్సు ఉత్తరం గారికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగడం మర్యాద కోసమే లెండి. తెరచాప ఓడలు పోయాయి, ఫిరంగులు మ్యూజియంలో చేరాయి, మీరు మాత్రం చెక్కుచెదరలేదు.

మీ పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది బ్రిటిష్ నౌకాదళ వీరుడు అడ్మిరల్ హొరేషియో నెల్సన్. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆయన్ని అంత ఎత్తు స్తంభం మీద నిలబెట్టారు. ఆ ఎత్తుకి మొదటి మెట్లు ఎవరు వేశారో మీకు నేను చెప్పాలా?

1770లో హొరేషియోకి పన్నెండేళ్లు. తల్లి లేదు. తండ్రి నార్‌ఫోక్ పల్లెటూళ్లో పాదిరి, ఇంటి నిండా పిల్లలు. మేనమామ మారిస్ సక్లింగ్‌కి యుద్ధనౌక కెప్టెన్‌గా పోస్టింగ్ వచ్చిందని పేపర్లో చూసి, కుర్రాడు అన్న విలియంని పట్టుకుని నాన్నకి ఉత్తరం రాయించాడు: మామయ్యతో సముద్రం మీదికి పోతానని. దానికి మేనమామ జవాబు భలే ఉంటుంది. అంత నలతగా ఉండే పిల్లాణ్ణి పంపుతారేంటి పాపం, సరే రానివ్వండి, మొదటి యుద్ధంలోనే గుండు తగిలి తల ఎగిరిపోతే వాడి బతుకుతెరువు చింత తీరిపోతుంది అన్నాడట. మేనమామ ముద్దు!

1777 ఏప్రిల్ 9న లెఫ్టినెంట్ పరీక్ష. ఇరవై ఏళ్లు నిండాలని రూలు, మనవాడికి పద్దెనిమిది. పరీక్ష పెట్టే కెప్టెన్లలో పెద్దాయన ఎవరనుకున్నారు? మేనమామే. అప్పటికి ఆయన కంప్ట్రోలర్, అంటే నౌకాదళ వ్యవహారాలు చూసే నేవీ బోర్డుకి పెద్ద. అంతా అయ్యేదాకా "వీడు మా మేనల్లుడు" అని బయటపెట్టలేదని చెబుతారు. ఈ కథ నమ్మడానికి నాకింకా కాస్త టైం కావాలి. మర్నాడే లోయెస్టాఫ్ ఓడలో ఉద్యోగం. కుర్రాడికి పని రాదని కాదు. సీహార్స్ ఓడ మీద మన మద్రాసు రేవు దాకా వచ్చి, ఈ దేశపు జ్వరంతో చావు తప్పించుకుని వెళ్లినవాడే. పని వచ్చి మేనమామ లేనివాళ్లు మాత్రం లెఫ్టినెంట్ కింది మెట్టు మిడ్‌షిప్‌మన్లుగానే జుట్టు నెరిపించుకున్నారు. అడ్మిరల్ రాడ్నీ అయితే 1780లో పదిహేనేళ్ల కొడుకుని ఏకంగా కెప్టెన్‌ని చేసేశాడు. తన చేతిలో పనికి ఉత్తరం కూడా దండగనుకున్నాడు కాబోలు.

అసలు మీ వైభవం చూడాలంటే 1797 జులై చూడాలి. స్పెయిన్ వాళ్ల టెనెరీఫ్ దీవిలో శాంతాక్రూజ్ రేవు మీద దాడి. 24 రాత్రి నెల్సన్ పై అధికారి జెర్విస్‌కి ఉత్తరం రాశాడు. రేపు ఉంటానో పోతానో, మా జొసాయాని మీకూ దేశానికీ అప్పగిస్తున్నా అని. జొసాయా అంటే భార్య ఫానీకి మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకు. నెల్సన్ కుడిచేత్తో రాసిన ఆఖరి ఉత్తరం ఇదేనంటారు. పడవ దిగుతుంటే మోచేతి పైన గుండు తగిలింది. ఆ జొసాయానే పట్టు రుమాళ్లతో బిగించి కట్టి ప్రాణం నిలిపాడు. చెయ్యి మాత్రం తీసేశారు.

27న ఎడంచేత్తో కొత్తగా కలం పట్టాడు. గీతలన్నీ వంకర టింకర. నేనిక దేశానికి పనికిరానివాణ్ణి అని ఏడ్చి, అక్కడితో ఆపాడా? 24న రాసిన ఉత్తరం చూసే ఉంటారు, మా అబ్బాయి ప్రమోషన్ సంగతి మీకు తెలుసుగా అని గుర్తుచేశాడు! కుడిచెయ్యి చివరగా రాసిందీ మీకోసమే, ఎడమచెయ్యి అక్షరాభ్యాసమూ మీతోనే. మరుసటి ఏడాది చివరికల్లా పద్దెనిమిదేళ్ల జొసాయా ఫుల్ కెప్టెన్. ఆ తర్వాత తాగుడు, చెడు సావాసాలు అంటూ జెర్విసే ఫిర్యాదులు రాశాడు. 1800 తర్వాత ఆ అబ్బాయికి ఇంకో ఓడ ఇచ్చిన పాపాన పోలేదు.

ఇంత చేసినవారు 1805 అక్టోబర్ 21న ఎందుకు చేతులెత్తేశారండీ? ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో శత్రు నౌకలు కనుచూపు మేరలో ఉండగా నెల్సన్ వీలునామాకి ఇంకో కాగితం జోడించాడు. ప్రేయసి ఎమ్మా హామిల్టన్‌నీ, ఆమెకి తనవల్ల పుట్టిన కూతురు హొరేషియానీ రాజుకీ దేశానికీ అప్పగిస్తున్నా, యుద్ధానికి వెళ్తూ నేను కోరేది ఇదొక్కటే అని. కెప్టెన్లు హార్డీ, బ్లాక్‌వుడ్ సాక్షి సంతకాలు పెట్టారు. సాయంత్రానికి రాసినాయన లేడు. ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎమ్మా అప్పుల జైలు చూసి, 1815లో ఫ్రాన్స్‌లోని కాలే ఊళ్లో దరిద్రంలో పోయింది.

మరి విలియం? తమ్ముడి కోసం నాన్నకి ఉత్తరం రాసిపెట్టిన అన్న? తమ్ముడు పోయినందుకు ఆయనకి ఎర్ల్ బిరుదు, ఏటా 5,000 పౌండ్ల పింఛను, అదీ వంశపారంపర్యంగా. దాన్ని ఆపడానికి 1947లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఆయన కోసం ఆఖరి రోజున తమ్ముడు ఆ కాగితంలో పేరుపెట్టి ఏమీ అడగలేదు. ఇది మీకు తెలిసే జరిగిందా, మిమ్మల్ని దాటి జరిగిందా? తిరుగు టపాలో రాయగలరు.

ఇట్లు,
మేనమామలంతా వ్యవసాయదారులే అయిన ఒక విధేయుడు