తుంటి అరిగేదాకా ఆగమనడం వైద్యం కాదు

పాతికేళ్ల అమ్మాయి గజ్జల్లో నొప్పి అంటే మన దగ్గర వచ్చే సలహాలు తెలిసినవే. కాల్షియం మాత్రలు వేసుకో, బరువు తగ్గు, నడుముకు స్కాన్ తీయించు. తుంటికి ఎక్స్‌రే తీసినా ‘అరుగుదల లేదు’ అని పంపేస్తారు. ఇంకా అరగలేదు కాబట్టే ఇప్పుడు చికిత్స చేయాలని చెప్పేవారు అరుదు.

పుట్టుకతోనో ఎదుగుదలలోనో తుంటి గిన్నె లోతు తగ్గితే అది తొడ ఎముక తలను పూర్తిగా కప్పదు. దీన్నే హిప్ డిస్‌ప్లాసియా అంటారు. ఒంటి బరువంతా గిన్నె అంచు మీద పడి అక్కడి మృదులాస్థి ఏళ్ల తరబడి నలుగుతుంది. గిన్నె ఆ తలను ఎంత కప్పిందో చెప్పే కోణాన్ని ఎక్స్‌రే మీద కొలిస్తే ఈ లోపం బయటపడుతుంది. 25 డిగ్రీలు దాటితే సాధారణం, 20 కంటే తక్కువైతే లోపమే. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొలిచే ఓపిక చాలు.

1984లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ మొదలుపెట్టిన శస్త్రచికిత్స ఈ లోపాన్ని మూలంలోనే సరిచేస్తుంది. గిన్నె చుట్టూ ఎముకను కోసి, తలను కప్పేలా తిప్పి, స్క్రూలతో బిగిస్తారు. కటి వలయం వెనుక భాగం తెగదు. ప్రసవ మార్గం ఆకారం మారదు కాబట్టి ఆ తర్వాత సాధారణ కాన్పుకూ అవకాశం ఉంటుంది. అన్నిటికీ మించి, ఆమె కీలు ఆమెకే మిగులుతుంది.

ఇది పెద్ద ఆపరేషన్, నెలల తరబడి కోలుకోవాలి, కృత్రిమ కీళ్లు ఇప్పుడు బాగా మన్నుతున్నాయి అంటారు. బెర్న్‌లో తొలినాళ్లలో ఈ ఆపరేషన్ చేసిన తుంటుల్లో 20 ఏళ్లకు సుమారు 60 శాతం కీలు మార్పిడి లేకుండా నిలిచాయన్నదీ, 30 ఏళ్లకు మార్పిడి గానీ, అరుగుదల పెరగడం గానీ, బాగా నొప్పి గానీ లేనివి 29 శాతమేనన్నదీ నిజమే. కానీ ఆ తొలి రోగుల్లో కొందరికి అప్పటికే అరుగుదల ముదిరింది. వయసు, అరుగుదల పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుందని అదే అనుభవం తేల్చింది. ఆలస్యాన్ని సమర్థించడానికి ఆ లెక్కలు పనికిరావు. పాతికేళ్లకు కృత్రిమ కీలు పెడితే జీవితంలో మళ్లీ మార్చాల్సి వచ్చే అవకాశం ఎక్కువ.

ఈ లోపం ఆడవాళ్లలోనే ఎక్కువ. వాళ్ల నొప్పిని తీవ్రంగా తీసుకోని అలవాటు ఇంట్లోనూ ఉంది, ఆసుపత్రిలోనూ ఉంది. పెళ్లికి ముందు కుంటును దాచమంటారు, కాన్పు తర్వాత నొప్పిని కాన్పు మీదకే నెడతారు. పదేళ్లు ఇలా గడిచేసరికి కీలు మార్పిడి తప్ప దారి ఉండదు. ఆ దశకు చేరినవారి కోసం మాత్రం మన నగరాల్లో రోడ్ల వెంట ప్రకటనలే ప్రకటనలు.

ఆస్ట్రియా 1992 నుంచి పుట్టిన ప్రతి బిడ్డ తుంటికీ అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తోంది. మన రెండు రాష్ట్రాలు కనీసం కడుపులో ఎదురుకాళ్లతో ఉన్న పిల్లలకు, కుటుంబంలో ఎవరికైనా ఈ లోపం ఉన్న పిల్లలకు ఆ పరీక్ష చేయించాలి. 40 ఏళ్ల లోపువారి తుంటి ఎక్స్‌రే నివేదికలో ఆ కోణం రాయడం బోధనాసుపత్రుల్లో తప్పనిసరి చేయాలి.